మూడు ఉద్ధరిణెలు

తిప్పేష్‌కు సంబంధాలు చూస్తున్న రోజుల్లో మధ్యవర్తి అడిగిన మొదటి ప్రశ్న, "అబ్బాయి కంప్యూటర్లో ఏం చేస్తాడు?" అని. తిప్పేష్ దానికి అరగంట జవాబు చెప్పాడు. మధ్యవర్తి ఓపికగా విని, రెండు లోటాల మజ్జిగ తాగి, ఆడపిల్ల వాళ్ల దగ్గరికి పోయి చెప్పింది మాత్రం ఒక్క ముక్క. "ఒక కంప్యూటర్ మాట ఇంకో కంప్యూటర్‌కు తెలిసేట్టు చేస్తాడంట. పిల్లోడు బంగారం. కాకపోతే ఆ సంగతి మాత్రం అడగొద్దండి, పొద్దు పోతాది."

అంతకంటే బాగా చెప్పినవాళ్లు ఇంతవరకు లేరు. ఆ సంబంధం కుదరలేదు, అది వేరే విషయం.

అనంతపురంలో కమలానగర్ సందులో, ఒక సైకిల్ షాపు మీద రెండు గదులు. ఒక గదిలో తిప్పేష్, వాళ్ల నాయన కొండప్ప కాపురం. ఇంకో గదిలో నాలుగు కంప్యూటర్ల కాపురం. తొంభై ఎనిమిదిలో అతనితో చదివినవాళ్లంతా గుంపులుగా బెంగుళూరు బస్సు ఎక్కుతుంటే ఇతను కదల్లేదు. ఎందుకంటే, "ఆడ చల్లగా ఉండాది, నిద్రొస్తాది. ఈడ ఎండకు నిద్ర పట్టదు, పని జరుగుతాది" అనేవాడు. అసలు సంగతి వేరు. అతనికి మనసుకు నచ్చిన పని ఇక్కడే దొరికింది. జిల్లాలో వాన లెక్కలు రాసే ఆఫీసుకు ప్రోగ్రాములు రాసిపెట్టే కాంట్రాక్టు.

వానే లేని జిల్లాలో వాన లెక్కల ఆఫీసేమిటని నవ్వేవాళ్లు ఉన్నారు. బాన నిండా నీళ్లున్నవాడు చెంబులు లెక్కపెట్టడు. లేనివాడే పెడతాడు. అరవై మూడు మండలాల్లోనూ వాన కొలిచే డబ్బాలున్నాయి. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు ఎవరో ఒకరు దాన్ని తెరిచి, సీసాలో పడిన నీళ్లను గీతల గ్లాసులో పోసి, ఇన్ని మిల్లీమీటర్లని రాస్తారు. ఆ అంకెను మండలం ఆఫీసులో కంప్యూటర్‌కు ఎక్కిస్తారు. నెలకోసారి ఫ్లాపీ ఆర్టీసీ బస్సులో అనంతపురం చేరుతుంది. కరువు జాబితాలో ఏ ఊరుండాలో ఆ అంకెలు చెబుతాయి.

వచ్చిన చిక్కల్లా ఆ కంప్యూటర్లతోనే. అరవై మూడూ ఒక తల్లి పిల్లలు కావు. ఒకచోట పచ్చ అక్షరాల పాతది, ఒకచోట రంగుల కొత్తది, ఇంకోచోట పై ఆఫీసు వాళ్లు వాడి వాడి పారేస్తే వచ్చింది. ఒకదాని కోసం రాసిన ప్రోగ్రాం ఇంకోదాని మీద నడవదు. మొదటి ఏడాది తిప్పేష్ ఒకే పనికి పదకొండు రకాల ప్రోగ్రాములు రాశాడు. పైవాళ్లు ఒక్క సూత్రం మార్చేసరికి పదకొండూ మళ్లీ మొదటికొచ్చాయి.

దారి చూపింది కొండప్పే, తనకు తెలియకుండానే. కొండప్ప సొంతూరు గుమ్మఘట్ట వైపు. బతుకంతా సంతల్లో ఎద్దుల బేరాలు కుదిర్చిన మనిషి. ఆ సరిహద్దు సంతల్లో సగం మంది తెలుగు, సగం మంది కన్నడం. అయినా బేరం ఆగదు. కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి చెయ్యి ఒక తువ్వాలు కింద పెడతారు. పట్టుకున్న వేళ్లను బట్టి ధర. నోరు తెరవాల్సిన పనే లేదు. ఒకరోజు కొండప్ప పాత బేరమొకటి చెబుతూ కొడుకు చెయ్యి పట్టుకుని వేళ్లు నొక్కి చూపిస్తుంటే, తిప్పేష్ ఉన్నట్టుండి లేచి పక్క గదిలోకి పరిగెత్తాడు.

నాలుగు నెలల తర్వాత బయటికొచ్చిన దాని పేరు "తువ్వాలు". ఏ కంప్యూటర్‌కూ సొంతం కాని ముప్పై రెండు సైగలు కల్పించాడు. ఇకనుంచి ప్రోగ్రాం ఆ సైగల్లోనే రాస్తాడు, ఒక్కసారే. ఒక్కో కంప్యూటర్లో ఒక చిన్న దుబాసీని కూర్చోబెట్టాడు. సైగ చూసి ఆ కంప్యూటర్‌కు తెలిసిన మాటలో చెప్పడం దుబాసీ పని. అదే ఫ్లాపీ పచ్చ అక్షరాల దాని మీదా నడిచింది, రంగుల దాని మీదా నడిచింది. బెంగుళూరు మిత్రులకు చెబితే, పెద్ద పెద్ద కంపెనీలు ఇదే దారిలో పోతున్నాయన్నారు. "పోనీలే, దారి మంచిదే అన్నమాట" అన్నాడు తిప్పేష్.

ఫ్లాపీలతో పాటు వైరస్సులూ బస్సెక్కి వస్తాయి గనక దుబాసీ ముందు ఒక కాపలావాణ్ణి కూడా పెట్టాడు. వచ్చిన ప్రతి సైగనూ వాడు పరీక్ష చేస్తాడు. ముప్పై రెండింటిలో లేని సైగ ఒక్కటి కనబడినా మొత్తం ఫ్లాపీని గడప దాటనివ్వడు. దీనికీ కొండప్పే గురువు. తువ్వాలు కిందికి వచ్చిన చేతికి ఐదు వేళ్లే ఉన్నాయా అని ముందు తడిమి చూసుకునేవాణ్ణని ఆయన చెబుతుంటాడు. ఆరో వేలున్నవాడు ఒకడు సంతలో నిజంగానే ఉండేవాడట.

తిప్పేష్‌కు ఇంకో అలవాటు ఉంది. రెండు పక్కలా చిల్లులున్న ప్రింటర్ కాగితాలు వాడేశాక, వాటి వెనక తోచిందల్లా రాస్తాడు. "ఎక్కడైనా నడిచే ప్రోగ్రాం గొప్పదే. కానీ అందులో తప్పుంటే అదీ ఎక్కడైనా నడుస్తుంది." "కాపలావాడు సైగ సరైనదా అని చూస్తాడు. చెప్పిన మాట న్యాయమా అని చూడడు." ఇలాంటివి. కొండప్ప వాటిలో వక్కలు పొట్లం కట్టుకుంటాడు. కొడుకు ఆలోచనలు ఎవరికైనా ఉపయోగపడ్డాయంటే అదొక్కటే ఉపయోగం.

రెండు వేల ఆరు నాటికి పత్రికల్లో కొత్త మాట వినబడసాగింది. కంప్యూటర్లు మనిషిలా ఆలోచిస్తాయట. ఒక కాలేజీలో మాట్లాడమని తిప్పేష్‌ను పిలిచారు. ఒక అమ్మాయి లేచి, "సార్, కంప్యూటర్‌కు తెలివి వస్తుందా?" అని అడిగింది. "తెలివేమో గాని అనుమానం వస్తుంది. నేనే నేర్పిస్తాండా" అన్నాడు తిప్పేష్. పిల్లలంతా నవ్వారు. అతను నవ్వించడానికి చెప్పలేదు.

నిజంగానే నేర్పిస్తున్నాడు. ఆఫీసరు దివాకర్ పెట్టిన పని అది. మూడేళ్ల కిందట ఐదు చోట్ల పాత డబ్బాల పక్కనే వాన కొలిచే యంత్రాలు పాతారు. మనిషి చెయ్యి తగలకుండా అవే కొలుచుకుంటాయి, అవే దాచుకుంటాయి. "మనోళ్లు రాసే అంకెలు ఎంతవరకు నిజమో చూడవయ్యా తిప్పేష్" అన్నాడు దివాకర్. తిప్పేష్ మూడేళ్ల అంకెలన్నీ కంప్యూటర్‌కు తినిపించి, ఎవరి అలవాటేమిటో తనంతట తాను నేర్చుకునే ప్రోగ్రాం రాశాడు. అది భలే నేర్చుకుంది. ఆదివారం డబ్బా తెరవకుండా సోమవారం రెండూ కలిపి రాసే ఆయన్ను పట్టింది. ఏడు పడినా ఎనిమిది పడినా పది రాసే ధర్మప్రభువును పట్టింది. చిట్టచివర ఒక పేరు దగ్గర ఆగి, పక్కన నక్షత్రం గుర్తు పెట్టింది. నక్షత్రం అంటే కావాలని చేసిన మోసం అని అర్థం. ఆ అర్థం పెట్టింది తిప్పేషే.

ఆ పేరు భద్రమ్మ. గుమ్మఘట్ట మండలంలో కరిగుడ్డం అనే పల్లె. బడిలో ఆయా. బడి ఆవరణలోని వాన డబ్బా తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. మూడేళ్లలో నలభై ఏడు వానలు పడితే, నలభై ఒక్కసారి ఆమె అంకె యంత్రం కంటే సరిగ్గా రెండు మిల్లీమీటర్లు తక్కువ. యంత్రం తొమ్మిదంటే ఆమె ఏడు. యంత్రం నాలుగంటే ఆమె రెండు. మిగతా ఆరుసార్లు యంత్రం ఒకటి అంటే ఆమె సున్న. పొరపాటైతే ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ ఉంటుంది. ఇంత నికరంగా రెండే తగ్గిందంటే చేతివాటమే.

"చూసినావా! రెండున్నర మిల్లీమీటర్లు పడితేగాని వాన పడిన రోజని లెక్క కాదు. నాలుగును రెండు చేసిందంటే ఆ రోజు వానే లేనట్టు. కాగితం మీద కరువు తెప్పించిందయ్యా మహాతల్లి!" అన్నాడు దివాకర్. చెడ్డవాడు కాదు ఆయన. ఫైలు తేలితే సంతోషపడే రకం, అంతే. సోమవారం జాబితా పైకి పోతుంది. తాళంచెవి ఆమె దగ్గర్నుంచి తీసేస్తారు. ఆ డబ్బా లెక్కలు చెల్లవంటారు. ఆ డబ్బాను నమ్ముకున్న ఏడు పల్లెలు కరువు జాబితాలోంచి పోతాయి.

శనివారం సాయంత్రం పడమటి దిక్కు మబ్బు పట్టి, అనంతపురంలోనూ నాలుగు చినుకులు రాలాయి. కొండప్ప వరండాలో కుర్చీ వేసుకుని, వాన మొహాన పడుతున్నా లేవకుండా కూర్చున్నాడు. తిప్పేష్ పక్కన చేరి, తన ప్రోగ్రాం దొంగను ఎట్లా పట్టిందో గొప్పగా చెప్పుకొచ్చాడు.

కొండప్ప అంతా విన్నాడు. "రెండే రెండు. నలభైసార్లు" అన్నాడు.

"అవును నాయనా. పొరపాటైతే అట్ల రాదు."

"పొరపాటు కాదులే. మరి ఆమె చెయ్యి పట్టుకోని చూసినావా?"

"యాడ పట్టుకునేది? ఆమె ఆడ, నేను ఈడ."

"చెయ్యి పట్టుకోకుండా తెగ్గొట్టినావా బేరం?" అని కొండప్ప మళ్లీ వాన వైపు తిరిగాడు. ఇంకేమీ అనలేదు. అని ఉంటే తిప్పేష్ వాదించేవాడు, గెలిచేవాడు కూడా. అనకపోయేసరికి ఆ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. మర్నాడు తొలి బస్సుకు రాయదుర్గం పోయి, అక్కడినుంచి జీపులో వేలాడుతూ కరిగుడ్డం చేరాడు. ఎనిమిది దాటి ఇరవై నిమిషాలైంది.

బడి గేటు దగ్గర యాభై ఏళ్ల మనిషి చీపురు పట్టుకుని ఎదురైంది.

"ఎవురప్పా నువ్వు? ఆదివారం బడికాడ ఏం పని?"

"అనంతపురం నుంచి వచ్చినానమ్మా. వాన డబ్బా చూసి పోదామని."

"చూసేకేముండాది, చూడు. చెప్పులు ఆడ ఇడిచి రా."

డబ్బా చుట్టూ ఇనప కంచె, కంచె లోపల పేడతో అలికిన నేల. దూరంగా ఒక కడ్డీ మీద యంత్రం, దుమ్ము పట్టి నిలబడి ఉంది. దాని చుట్టూ అలుకు లేదు. భద్రమ్మ కాళ్లు కడుక్కుంది. మొలలోంచి తాళంచెవి తీసింది. గరాటా పైకెత్తి సీసా బయటికి తీసింది. రాత్రి వాన బాగానే పడింది. తిప్పేష్ మెడ చాచి చూస్తున్నాడు. ఈమె అంకె ఎలా మారుస్తుందో చూడాలని అతని ఆరాటం.

ఆమె కొంగు ముడి విప్పి రాగి ఉద్ధరిణె తీసింది. సీసాలోంచి ఒక ఉద్ధరిణె నీళ్లు నేలమీద వదిలింది. రెండోది కళ్లకద్దుకుని నెత్తిన చల్లుకుంది. మూడోది నోట్లో పోసుకుంది. కళ్లు మూసుకుని ఒక క్షణం నిలబడింది. అప్పుడు సీసాలో మిగిలింది గ్లాసులో పోసి, కంటికి సమంగా పెట్టి, గీత చూసి, "తొమ్మిది" అంది. పుస్తకంలో తొమ్మిదని రాసింది.

తిప్పేష్ యంత్రం దగ్గరికి పోయి మూత తీసి చూశాడు. పదకొండు.

"అమ్మా, ఇప్పుడు నువ్వు చేసిందేమి?"

"ఏది?"

"ఆ నీళ్లు తీసినావు గదా."

"తీర్తం గదప్పా! ఈ నేల మీద వాన పడేదే అపురూపం. తీర్తం తీసుకోకుండా ఎట్ల కొలుస్తారు?" ఆ ప్రశ్నలో కపటం వీసమంత లేదు. ఎదుటివాడికి ఆమాత్రం తెలియదా అన్న జాలి ఉంది. "మా మామ ఇట్లనే చేస్తుండె. ఆయన పోయినాక పంతొమ్మిదేండ్లుగా నేను చేస్తాండా. ఉద్దరిణె లేపాక్షి తిరనాళ్లలో కొన్నాడు మామ."

తిప్పేష్ గ్లాసు కడిగి, చెంబులో నీళ్లు ఆ ఉద్ధరిణెతోనే మూడుసార్లు పోశాడు. నీళ్లు సరిగ్గా రెండో గీత దగ్గర నిలబడ్డాయి. అతనికి నవ్వాగలేదు. పడీ పడీ నవ్వి, అలికిన నేల మీద కూలబడ్డాడు. మూడేళ్ల అంకెలు, నాలుగు కంప్యూటర్లు, నేర్చుకునే ప్రోగ్రాం కలిసి పట్టిన దొంగ రాగి ఉద్ధరిణె!

"ఏమప్పా, ఎందుకట్ల నగుతాండావు?" భద్రమ్మ మొహం చిన్నబోయింది.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. చెబుతూ చెబుతూ ఉండగానే అతని నవ్వు ఎండిపోయింది. జాబితా, నక్షత్రం, సోమవారం, తాళంచెవి. ఆమె కదలకుండా విన్నది.

"నీ పెట్టె నన్ను దొంగన్యాదా?"

"పెట్టెకు తెలీదమ్మా. అంకెలు చూసి అన్యాది."

"ఆ పెట్టెకు ఆ మాట నేర్పిందెవురు?"

"నేనే."

"మరి పెట్టె అన్యాది అంటావేమి? నువ్వన్యావు."

కాగితాల వెనక ఎనిమిదేళ్లుగా ఎన్నో రాశాడు తిప్పేష్. ఈ మాట మాత్రం ఎక్కడా రాసుకోలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. "తప్పయిపోయిందమ్మా" అన్నాడు.

భద్రమ్మ తాళంచెవి అతని ముందు పెట్టింది. "తీస్కపో. దొంగ చేతిలో ఎందుకది?"

తిప్పేష్ ముట్టుకోలేదు. "అది కాదమ్మా. ముందు కొలిచి, తర్వాత తీర్థం తీసుకోరాదా? లెక్క సరిపోతాది."

"బాగా చెప్తాండావే! వండిందంతా మనం తిని చూసి, మిగిలింది దేవునికి పెడతామా? లెక్కపెట్టినామంటే అది మనదైపాయ. మనది కాకముందే ఇయ్యాల."

"పోనీ, తీసింది ఎంతో పుస్తకంలో రాయొచ్చు గదా?"

"రాసేకి గడి యాడుండాది?" అని ఆమె పుస్తకం తెరిచి అతని మొహం ముందు పెట్టింది. తేదీ, వాన, సంతకం. మూడే గడులు. "గడి ఉంటే రాసిందును. లేనిచోట రాస్తే గుమ్మఘట్టలో సారు కొట్టేస్తాడు."

ప్రోగ్రాంకు సరిపోయేట్టు పుస్తకంలో ఆ మూడు గడులు గీసింది ఎవరో వేరే చెప్పాలా? తిప్పేష్ తల గోక్కున్నాడు. తర్వాత ఆమెకు ఇంకో మాట కూడా చెప్పాడు. చెప్పకుండా ఉండొచ్చు, కానీ అప్పటికే ఒకసారి సిగ్గుపడి ఉన్నాడు. "గడి పెడతా. కానీ ఆలోచించుకో. తీసిందంతా కలిపితే మీ ఊరి వాన పెరుగుతాది. పోయిన మూడేండ్లకూ కలుపుతారు. కరువు జాబితాలో మీ పల్లెలు నిలిచేది కష్టం కావొచ్చు. ఊరోళ్లు నిన్నే అంటారు."

భద్రమ్మ కంచె అవతల చేల వైపు చూసింది. రాత్రి తడికి ఎర్రమట్టి నల్లబడి ఉంది. అప్పుడే ఎవరో గొర్రు కట్టారు.

"రాయప్పా. పడిన వానను పడలేదంటే అది మళ్లా పడతాదా?" అంది. తాళంచెవి తీసుకుని మొలలో దోపుకుంది. "ఉగ్గాని చేసినా. తిని పో."

తిరుగు బస్సులో తిప్పేష్‌కు ఒకటే మథనం. కరిగుడ్డం ఒక్కదానికి గడి పెడితే పని తేలిగ్గా అయిపోతుంది. కానీ తువ్వాలు పుట్టిన నాటినుంచి అతనిదొక పట్టుదల. అరవై మూడు చోట్లా ఒకటే ప్రోగ్రాం, అక్షరం తేడా లేకుండా. ఒకరి కోసం తెరిచిన దొడ్డిదారి దొంగకూ దారే అవుతుందని తనే రాసుకున్నాడు. పెడితే అందరికీ పెట్టాలి. ఒక్క ముసలామె అలవాటు కోసం జిల్లా అంతటికీ గడా అని దివాకర్ ఎగిరి పడతాడు. పడితే పడనీ అనుకున్నాడు.

దివాకర్ ఎగిరే పడ్డాడు. "ప్రభుత్వ ఫారంలో తీర్థానికి గడి పెడతావా? పైనోళ్లు చూస్తే నా పరువేం కాను?" అన్నాడు. తిప్పేష్ వాదించలేదు. దారిలో కొన్న రాగి ఉద్ధరిణె, గీతల గ్లాసు, చెంబు నీళ్లు ఆయన బల్ల మీద పెట్టాడు. దివాకర్ ఒకసారి పోశాడు. రెండుసార్లు పోశాడు. మూడోది పోసి గీత వైపు వంగి చూశాడు. కాసేపయ్యాక జాబితా దగ్గరికి లాక్కుని భద్రమ్మ పేరు అడ్డంగా కొట్టేశాడు. "ఇది పైకి పోయుంటే నన్ను చూసి గుమాస్తాలు కూడా నగుదురు. గడి పెట్టు. పేరు మాత్రం మర్యాదగా ఉండాల" అన్నాడు. గడికి "కొలతకు ముందు తీసినది" అని పేరు పెట్టారు.

మూడేళ్ల లెక్కకు ఉద్ధరిణెలు కలిపి చూస్తే ఒక ఏడాది జాబితాలోంచి జారిపోయింది. రెండేళ్లు నిలబడ్డాయి. కరువు నిజం కరువే, మూడు ఉద్ధరిణెలకు తీరేది కాదు. జారిపోయిన ఏడాదికి ఊళ్లో కొందరు భద్రమ్మను గట్టిగానే అన్నారని తర్వాత తెలిసింది. ఆమె ఏం జవాబిచ్చిందో తిప్పేష్ ఊహించుకోగలడు.

కొత్త తువ్వాలు అరవై మూడు ఫ్లాపీల్లో బస్సులెక్కింది. జూలై ఆఖరుకు ఫ్లాపీలు తిరిగొచ్చాయి. కొత్త గడి ఒక్క కరిగుడ్డంలో తప్ప అన్నిచోట్లా ఖాళీగా ఉంటుందని తిప్పేష్, దివాకర్ ఇద్దరూ అనుకున్నారు. తీరా చూస్తే ఇరవై మూడు మండలాల గడులు నిండి ఉన్నాయి. ఒక చోట "ఒక పుడిసెడు, తులసికి". ఒక చోట "పసిబిడ్డ నాలుకకు, రెండు చుక్కలు". బుక్కరాయసముద్రం నుంచి, అంటే ఆఫీసుకు ఆమడ దూరం కూడా లేని చోటినుంచి, "కళ్లకు అద్దుకున్నది, ప్రతిసారీ". ఏడుకు పది రాసే ధర్మప్రభువు మాత్రం, "ఏమీ తియ్యలేదు, దేవుడి మీద ఒట్టు" అని రాశాడు. తిప్పేష్ ఒక్కోటీ పైకి చదువుతుంటే కొండప్ప తొడ చరుచుకుని నవ్వాడు. యంత్రం లేనిచోట వీళ్లను ఎవరూ పట్టలేదు. యంత్రం ఉన్నచోట అడిగినవాళ్లు లేరు. అందరికీ కావలసింది ఒక గడి.

ఆ రోజు తిప్పేష్ ప్రోగ్రాంలో నక్షత్రం అర్థం మార్చాడు. మోసం అన్న మాట తీసేసి, "పోయి చూడాలి" అని పెట్టాడు.

జూలై రెండో వారం నుంచే వాన మొహం చాటేసింది. జూలై పోయింది, ఆగస్టు సగం పోయింది. వేరుశెనగ చెట్లు పూతమీద వాడిపోయాయి. ముప్పై ఎనిమిది రోజులు జిల్లా అంతటా అన్ని గడుల్లోనూ సున్నలే. ఆగస్టు ఫ్లాపీలు వచ్చాక ప్రోగ్రాం నడిపితే, చివరన ఒకే ఒక్క నక్షత్రం. కరిగుడ్డం.

"మళ్లా ఆమేనా!" అన్నాడు దివాకర్ నెత్తి పట్టుకుని.

తిప్పేష్ ఆ వరస తెరిచి చూశాడు. పద్దెనిమిదో తేదీ. యంత్రం: సున్న. భద్రమ్మ వాన: సున్న. కొలతకు ముందు తీసినది: ఒక ఉద్ధరిణె. ప్రోగ్రాం కలుపుకున్న మొత్తం: ముప్పావు మిల్లీమీటరుకు కాస్త తక్కువ. పడని వానలోంచి ఉద్ధరిణె ఎట్లా వస్తుందని ప్రోగ్రాం అనుమానం.

ఈసారి తిప్పేష్ జాబితా ముద్రించలేదు. బస్సెక్కాడు. చెప్పులు విడిచి కంచె లోపలికి పోయి, యంత్రాన్ని పైనుంచి తొంగి చూశాడు. గరాటా మూతి నిండా ఎర్రమట్టి, దానిమీద సాలెగూడు. ముప్పై ఎనిమిది రోజుల దుమ్ము. చినుకు లోపలికి దిగే దారే లేదు.

"యంత్రం మూసుకపోయిందమ్మా. ఆ పొద్దు వాన పడిందని దానికి తెలీనే తెలీదు" అన్నాడు.

భద్రమ్మ యంత్రం వైపు చూసింది. మునుపు తన మీద పడ్డ నిందకు అది ఒక్క మాట కూడా అడ్డం రాలేదు. అయినా కొంగుతో దాని మూతి మీది సాలెగూడు తుడిచింది.

"పెద్ద వానేం కాదులే నాయనా. సీసా వంచితే ఒక్క ఉద్దరిణె వచ్చినాది, అంతే. గ్లాసులోకి పోసేకి మిగల్లేదు."

"మరి ఆ ఒక్కటీ ఏం చేసినావు?"

"నేలకే ఇచ్చేసినా. మళ్లా అడగాల గదా."